చెరిపేసిన ఎర్ర గీత

నా పనికి వంక పెట్టినవాళ్లను నేను అంత తేలిగ్గా మరిచిపోను. ముప్పై ఏళ్లుగా ఈ వీధి చివర కుట్టు దుకాణం నడుపుతున్నాను. జేబు వంకరగా ఉందన్నవాళ్లు, చెయ్యి పొడవు తగ్గిందన్నవాళ్లు, కాలరు గుచ్చుకుంటోందన్నవాళ్లు అందరూ నాకు ముఖాలతో సహా గుర్తున్నారు. వీధిలో నన్ను కత్తెరమ్మ అంటారు. కత్తెర చేతిలో ఉన్నందుకు అంటారో, నోట్లో ఉన్నందుకు అంటారో నేనెప్పుడూ అడగలేదు. అలాంటి నేను, నేను చేసిన పదకొండు సంచుల్లో ఒక్కటి కూడా పనికిరాదని నా ముఖం మీదే చెప్పిన మనిషిని తలుచుకుని ఇప్పుడు రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటున్నాను. ఎందుకో చెబుతాను.

ఆ మనిషి మా వీధికి రెండు మలుపుల అవతల ఉన్న కాన్పుల ఆసుపత్రిలో పెద్ద నర్సు. నలభై ఏళ్లు ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైపోయినట్టు నడుస్తుంది. ఆసుపత్రిలో ఆవిడకి లెక్కలమ్మ అని పేరు. దూది ఉండలు లెక్కపెడుతుంది, సూదులు లెక్కపెడుతుంది, ఆఖరికి మెట్లు ఎక్కేటప్పుడు కూడా పెదాలు కదులుతుంటాయి. మా కోడలు నెలనెలా చూపించుకోవడానికి వెళ్లి వచ్చి ఆవిడని అనుకరించి నవ్విస్తుండేది.

కోడలంటే నా అక్క కొడుకు భార్య. అక్క వాణ్ణి కన్న రోజునే పోయింది. అప్పటికి నాకు పదకొండేళ్లు. తర్వాత వాణ్ణి మా అమ్మ పెంచింది, అమ్మ తర్వాత నేను పెంచాను. నాకు పెళ్లయింది, మొగుడు పోయాడు, పిల్లలు కలగలేదు. వాడు నన్ను ఇప్పటికీ పిన్నీ అనే పిలుస్తాడు. బస్సుల షెడ్డులో మెకానిక్కు. చేతికి ఎప్పుడూ గ్రీజే. కోడలు బస్టాండులో టికెట్లు ఇస్తుంది. రోజంతా అద్దం వెనక కూర్చుని జనంతో వాదించి వాదించి, ఇంటికొచ్చి నాతో వాదించడానికి కూడా ఓపిక మిగుల్చుకుంటుంది. అలాంటి పిల్ల దొరకడం నా అదృష్టమని వాడితో చాలాసార్లు అన్నాను, దాంతో మాత్రం అనలేదు.

లెక్కలమ్మ మొదటిసారి నా దుకాణానికి వచ్చిన రోజు కోడలికి ఎనిమిదో నెల. మధ్యాహ్నం. నేను బడిపిల్లల వానకోట్లు అతికిస్తున్నాను. ప్లాస్టిక్కుని సూదితో కుడితే ప్రతి రంధ్రం లోంచీ నీళ్లు దిగుతాయి. అందుకని రెండు అంచులు కలిపి, పైన పాత కాగితం పరిచి, ఇస్త్రీపెట్టెతో ఒక్క లాగుడు లాగాలి. ఎక్కువ వేడయితే కరిగిపోతుంది, తక్కువయితే పట్టదు. ఈ చుట్టుపక్కల ఆ పని నాకొక్కదానికే వచ్చు. ఆ మాట ఆవిడ ఎక్కడో విని వచ్చింది.

"మీ వానకోటులో నీళ్లు కారవంట కదా," అంది, కూర్చోకుండానే.

"కారితే డబ్బు వాపసు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

"నాకు కోటు వద్దు. నీళ్లు కారని సంచి కావాలి."

నా బల్ల మీదున్న సుద్దముక్క తీసుకుని బొమ్మ గీసింది. పైన వెడల్పుగా ఒక దుప్పటి ముక్కలాంటిది. కింద అది ఇరుకై పొడుగాటి సంచిలా వేలాడుతుంది. కాన్పు కాగానే ఆ ప్లాస్టిక్కుని తల్లి నడుము కింద పరుస్తారట. పోయిన రక్తమంతా జారి సంచిలో పడుతుంది. సంచి మీద రెండు గీతలు ఉండాలి. మూడువందల మిల్లీలీటర్ల దగ్గర పసుపు గీత, అయిదువందల దగ్గర ఎర్ర గీత.

"పసుపు దాటితే దగ్గరే నిలబడి నాడి, బీపీ చూస్తూ ఉంటాం. ఎర్ర తగిలితే ఇక చూడ్డం లేదు. గంట కొడతాం, అందరం కలిసి పని మొదలుపెడతాం," అంది.

"ఎంత పోయిందో కళ్లతో చూస్తే తెలీదా? ఇన్నేళ్లు నర్సు పని చేస్తున్నారు."

ఆవిడ అప్పుడు కూర్చుంది. "పద్నాలుగేళ్లు. మా చేతుల్లో ముగ్గురు తల్లులు పోయారు. ముగ్గురి దగ్గరా నిలబడి, ఫరవాలేదు, మామూలే అనుకున్నాం. కళ్లు సగమే చూస్తాయమ్మా. గుడ్డల్లో ఇంకింది కనపడదు, నేల మీద పడింది కనపడదు."

అసలు ఇలాంటి సంచులు పై ఆఫీసు నుంచి రావాలట, రాసి పంపి నాలుగు నెలలైంది, ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగడం ఇష్టం లేక, పెద్ద డాక్టరుగారిని ఒప్పించి, శుభ్రమైన ప్లాస్టిక్కు చుట్ట చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఒక్కో కాన్పుకి ఒక్కటి, వాడి పారేస్తారు. ముందు ఒకటి నమూనాకి, తర్వాత పదకొండు.

నమూనా ఇద్దరం కలిసి చేశాం. ఆవిడ కొలతల మగ్గులో నీళ్లు పట్టి పోసేది, నేను నీళ్లు ఆగిన చోట పెన్నుతో గీత గీసేదాన్ని. అది నీళ్లకి చెరగని రంగు పెన్ను, ఆవిడే తెచ్చింది. బాగా వచ్చింది. వెళ్తూ వెళ్తూ ఒకటికి రెండుసార్లు చెప్పింది. "ప్రతి సంచిలోనూ నీళ్లు పోసి చూశాకే గీత గీయండి. ఒకదాన్ని చూసి ఇంకొకటి గీయొద్దు."

అలాగేనన్నాను. నిజానికి నేను ఆ మాట సగమే విన్నాను. పని నేర్పడానికి వచ్చిందా నాకు, అనుకున్నాను.

ఆవిడ వెళ్లాక నేను చేసిన పని ఇది. నమూనా సంచిని కాగితం మీద పరిచి, చుట్టూ గీసి, గీతలతో సహా అచ్చు తీసుకున్నాను. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే. నీళ్లు పోయడం, ఒంపడం, తుడవడం, ఆరబెట్టడం ఇదంతా నాకు పిల్లల ఆటలా తోచింది. ఇంకో సంగతి. నమూనాలో నీళ్లు పోసినప్పుడు అతుకు దగ్గర ప్లాస్టిక్కు బిగిసి నిలబడింది. బొటాబొటీగా ఉన్నది ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. నా చేతి కింద ఏదీ బొటాబొటీగా వెళ్లదు. బడిపిల్లల చొక్కాలకి ఒక వేలు వదులు ఇస్తాను, పిల్లలు ఎదుగుతారు కాబట్టి. పెద్దవాళ్లకీ ఇస్తాను, వాళ్లు మాత్రం ఎదగరా, అడ్డంగానైనా. అలవాటు చొప్పున ఈ సంచులకీ ఒక వేలు వదులిచ్చి కోశాను. గీతలు అచ్చులో ఉన్న చోటే దించాను. రెండు రోజుల్లో పదకొండూ పూర్తయ్యాయి. మడత పెట్టి, ఒక్కోదాని మూలన ఒకటి నుంచి పదకొండు దాకా అంకె వేసి, చూసుకుని మురిసిపోయాను.

మూడో రోజు లెక్కలమ్మ వచ్చింది. సంచులు బాగున్నాయని అంటుందని ఎదురుచూశాను. వచ్చీ రాగానే మగ్గు తీసింది. దుకాణం ముందు కుళాయి దగ్గరికి వెళ్లి, మొదటి సంచిని తలుపు కొక్కేనికి తగిలించి నీళ్లు పోయడం మొదలుపెట్టింది. కోడలు పనికి సెలవు పెట్టి ఆ వారం ఇంట్లోనే ఉంది. పొట్ట మీద చేతులు వేసుకుని స్టూలు మీద కూర్చుని చూస్తోంది.

అయిదువందలు పోసింది. ఎర్ర గీతకి నీళ్లు అందలేదు. ఇంకో యాభై పోసింది, అందలేదు. ఆరువందల యాభై పోస్తేగాని నీళ్లు గీతని తాకలేదు. రెండోది తగిలించింది. అదీ అంతే. మూడోది కూడా చూసి మగ్గు కింద పెట్టింది.

"ఇవి పనికిరావు," అంది.

"ఒక్క చుక్క కారిందా?"

"కారలేదు. అతుకులు బ్రహ్మాండంగా ఉన్నాయి. గీతలు తప్పు. ఏం చేశారు?"

చెప్పాను. అచ్చు సంగతి, వేలు వదులు సంగతి. చెబుతున్నంతసేపూ కోడలు పెదవి కొరుక్కుంటూనే ఉంది, ఇక ఆగలేకపోయింది.

"అత్తయ్యా, ఈ సంచి కూడా వచ్చే ఏడాదికి ఎదుగుతుందా?"

దాన్ని గుడ్లురిమి చూశాను. లెక్కలమ్మ మాత్రం నవ్వలేదు. "మీ కొలతల పుస్తకం ఉంది కదా. ఒకరి కొలతతో ఇంకొకరికి కుడతారా?" అని అడిగింది.

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. ఒకరి కొలతతో ఇంకొకరికి కుట్టే దర్జీలని నేను ఈ వీధిలోనే ఇద్దరిని చీల్చి చెండాడాను. తప్పు నాదైనప్పుడు నాకు ఎక్కడ లేని కోపం వస్తుంది. "ఒక్క వేలు తేడాకి ఇంత రాద్ధాంతమా? అంత చేతనైతే మీరే చేసుకోండి," అన్నాను.

"మీ ఒక్క వేలులో నూటయాభై మిల్లీలీటర్లు పట్టాయమ్మా. ఎర్ర గీత తగల్లేదని మేం చేతులు కట్టుకుని నిలబడే వేళకి ఆ తల్లి నుంచి అంత ఎక్కువ పోయి ఉంటుంది. పోయింది తిరిగి పోయలేం." గొంతు పెంచకుండా చెప్పింది. పదకొండు సంచులూ బల్ల మీద పెట్టింది, వాటి పక్కన మగ్గూ స్పిరిట్ సీసా పెట్టింది. "గీతలు స్పిరిట్‌తో తుడిస్తే పోతాయి. ఎల్లుండి వస్తాను," అని వెళ్లిపోయింది.

తల కొట్టేసినట్టయింది నాకు. ఆ మగ్గుని బీరువా మీదకి విసిరేసి, వానకోట్ల పని ముందేసుకుని కూర్చున్నాను. ఇస్త్రీపెట్టె ఎక్కువ వేడెక్కి ఒక కోటు చెయ్యి కరిగిపోయింది. అదీ ఆవిడ వల్లేనని తిట్టుకున్నాను. కోడలు కాసేపు నన్ను నా మానాన వదిలేసింది. తర్వాత టీ తెచ్చి పక్కన పెట్టి, నెమ్మదిగా అంది.

"నన్ను కూడా దీని మీదే పడుకోబెడతారు కదా అత్తయ్యా."

దాని గొంతులో వెటకారం లేదు. అది భయపడుతోందని అప్పుడు తెలిసింది నాకు. ఎనిమిది నెలలుగా అందర్నీ నవ్విస్తూ తిరుగుతున్న పిల్ల. తన సొంత అత్తగారు, అంటే మా అక్క, ఎలా పోయిందో దానికి వాడు చెప్పే ఉంటాడు. నేనెప్పుడూ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను.

అక్కకి కాన్పు ఇంట్లోనే అయింది. తెల్లవారుజామున వీడు పుట్టాడు, బాగా ఏడ్చాడు, అందరం సంతోషపడ్డాం. కాన్పు చేసిన ముసలావిడ గదిలోంచి గుడ్డలు బయటికి ఇస్తుంటే నేను పెరట్లో ఉతికేదాన్ని. ఉతికిన కొద్దీ ఇస్తూనే ఉంది. అమ్మ ఒకసారి లోపలికి తొంగిచూసి, ఎక్కువ పోతోందేమో అంది. కాన్పన్నాక రక్తం పోదా అంది ముసలావిడ. అక్క అప్పటికి మాట్లాడుతూనే ఉంది, పిల్లాడికి జుట్టు ఎంతుందో అడుగుతోంది. ఎండ పెరట్లోకి వచ్చేసరికి అక్క లేదు. ఎన్ని గుడ్డలు ఉతికానో నాకు తెలీదు. లెక్కపెట్టమని ఎవరూ చెప్పలేదు. పదకొండేళ్ల పిల్లని, నాకు తోచలేదు. నలభై అయిదేళ్లుగా అప్పుడప్పుడు కూర్చుని గుర్తుచేసుకోవడానికి ప్రయత్నిస్తాను, ఎనిమిదా, పదా అని. గుర్తు రాదు.

 కోడలు లేచి, ఆయాసపడుతూ కుర్చీ ఎక్కబోయింది, బీరువా మీది మగ్గు తీద్దామని. నిండు చూలాలు కుర్చీ ఎక్కడం ఏమిటని దాన్ని కేకలేసి దింపి, నేనే తీశాను.

ఆ సాయంత్రమూ మర్నాడూ అదే పని. స్పిరిట్‌లో గుడ్డ ముంచి పాత గీతలు తుడిచాను. చాలావరకు పోయాయి, కాని ఎర్ర గీత మాత్రం పూర్తిగా పోలేదు. వెలిసిన గులాబీరంగు చార మిగిలిపోయింది. ఒక్కో సంచి తగిలించడం, కోడలు మగ్గులో కొలిచి ఇవ్వడం, నేను పోయడం, నీళ్లు కదలకుండా ఆగాక కళ్లు గీతకి సమానంగా పెట్టి గీయడం. కొత్త ఎర్ర గీత పాతదానికి రెండు వేళ్లు కిందకి వచ్చింది. పదకొండులో ఏ రెండూ ఒక్కలా రాలేదు, వెంట్రుకవాసి తేడాలున్నాయి. అది చూశాక ఆవిడ మాటకి అర్థం తెలిసింది. అయినా మంచి మనసుతో చేశానని చెప్పను. ఈసారి వంక ఎలా పెడుతుందో చూస్తాను అన్న పంతం కూడా ఉంది.

లెక్కలమ్మ వచ్చి పదకొండింటిలోనూ నీళ్లు పోసింది. మూడువందలు, పసుపు. అయిదువందలు, ఎరుపు. పదకొండూ సరిపోయాయి. పాత చారలు కనపడకుండా వాటి మీద నల్లగా అడ్డగీతలు కొట్టి, "చాలా బాగున్నాయి," అంది. నేను మురిసిపోలేదు. మురిసిపోనట్టు కనిపించాను.

మూడు వారాలకి, ఒక ఉదయం ఎనిమిదింటికి కోడలికి నొప్పులు మొదలయ్యాయి. వాడు షెడ్డు నుంచి ఒక వ్యాను తెచ్చాడు. ఆసుపత్రిలో ఇంటి ఆడమనిషిని ఒకరిని లోపల ఉండనిస్తారు. నన్ను ఉండమంది కోడలు. వాడు బయట బెంచీ మీద కూర్చోలేక గోడవారనే తిరుగుతున్నాడు.

కాన్పు గది చిన్నది. సగం గోడ దాకా ఆకుపచ్చ రంగు, పైన సున్నం. తలుపు మీద గుండ్రటి గడియారం. కిటికీ దగ్గర పిల్లల్ని తూచే త్రాసు. మంచం పక్కన ట్రేలో అన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. లెక్కలమ్మతో పాటు ఇంకో చిన్న నర్సు ఉంది. నేను కోడలి తల దగ్గర నిలబడ్డాను. నొప్పి వచ్చినప్పుడల్లా అది నా చెయ్యి పిసికేసేది, నొప్పి తగ్గగానే సారీ అత్తయ్యా అనేది. టికెట్ల కౌంటరు దగ్గర ఎవరికీ సారీ చెప్పని పిల్ల.

పదీ నలభైకి పాప పుట్టింది. ఏడుపు విని బయట వాడు తలుపు మీద దబదబా కొట్టాడు. పాపని తుడిచి తల్లి గుండెల మీద పడుకోబెట్టారు. లెక్కలమ్మ తొడకి ఒక సూదిమందు ఇచ్చింది, అది ప్రతి తల్లికీ ఇచ్చేదేనట. మాయ కూడా పడింది. పాప పుట్టగానే నడుము కింద ప్లాస్టిక్కు పరిచేశారు. మూలన నేను వేసిన ఏడో నంబరు కనపడింది.

కోడలు నవ్వుతోంది. చెమట ముఖంతో, చెదిరిన జుట్టుతో పాప ముక్కు పట్టుకుని చూస్తోంది. "అమ్మయ్య, మీ ముక్కు రాలేదు అత్తయ్యా. వచ్చుంటే దాని మీద కోపం కూడా వచ్చేది."

నేనూ నవ్వాను. చాలా ఏళ్ల తర్వాత ఒళ్లంతా తేలికైంది. లెక్కలమ్మ మాత్రం మంచం చివర గొంతుక్కూర్చుని సంచినే చూస్తోంది.

"పసుపు దాటింది," అంది. చిన్న నర్సు వచ్చి కోడలి చేతికి బీపీ పట్టీ చుట్టింది. "బీపీ బాగానే ఉంది. నాడి కూడా ఫరవాలేదు," అంది.

నాకు చిరాకేసింది. నవ్వుతూ మాట్లాడుతున్న పిల్లని పట్టుకుని ఈ లెక్కలేమిటి. "కాన్పన్నాక రక్తం పోదా," అన్నాను.

అని, నా మాట నేనే విన్నాను. అది ముసలావిడ మాట. అక్షరం పొల్లుపోకుండా అదే. నలభై అయిదేళ్ల తర్వాత నా నోట్లోంచి వచ్చింది. 

"పోతుంది," అంది లెక్కలమ్మ, తల తిప్పకుండా. "ఎంత పోయిందో చూస్తున్నాను." మరుక్షణమే లేచింది. "ఎరుపు. గంట కొట్టు."

గంట మోగింది. ఇంకో ఇద్దరు వచ్చారు, డాక్టరుగారు వచ్చారు. కంగారు లేదు, అరుపుల్లేవు. ఎవరి పని వాళ్లకి ముందే తెలిసినట్టుంది. ఒకరు పాపని అందుకున్నారు. ఒకరు పొట్ట మీద అరచెయ్యి పెట్టి గట్టిగా రుద్దుతున్నారు. ఒకరు చేతికి సూది గుచ్చి సీసా తగిలించారు, అందులో మందు వేశారు, ఇంకో మందు విడిగా ఎక్కించారు. మూత్రం గొట్టంతో తీసేశారు. డాక్టరుగారు కింద ఎక్కడైనా చిరిగిందేమో వెతుకుతున్నారు.

"బాగానే ఉన్నాను కదా, ఏమైంది?" అంది కోడలు. ఆ మాట అన్న కాసేపటికే దాని పెదాల రంగు దిగిపోవడం నా కళ్లారా చూశాను. "చలిగా ఉంది అత్తయ్యా," అంది.

లెక్కలమ్మ నా వైపు చూసింది. "మాట్లాడుతూ ఉండండమ్మా. నిద్రపోనివ్వొద్దు. మీకు నోరుంది కదా."

ఏం మాట్లాడను? నాకు తెలిసినవి కొలతలు, తగాదాలు. అవే చెప్పాను. కాలరు గుచ్చుకుందన్న మనిషి మెడ పదిహేను అంగుళాలని, అతని గడ్డమే గుచ్చుకుంటుంటే నా కాలరుని అన్నాడని చెప్పాను. జేబు వంకర అన్న ఆవిడ భుజమే వంకర అని చెప్పాను. నీలాంటి కోడలు దొరకడం నా అదృష్టం అని చెప్పాను. "అది మళ్లీ చెప్పండి," అంది సన్నగా. మళ్లీ చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలమ్మకే తెలియాలి.

"గర్భసంచి గట్టిపడింది," అంది పొట్ట రుద్దుతున్నావిడ. రక్తం ఆగింది. గడియారంలో పదకొండయింది. అంటే ఇదంతా ఇరవై నిమిషాల లోపే. కోడలి పెదాలకి రంగు రావడానికి ఇంకో గంట పట్టింది. ఆ గంటలో నేను దాని చెయ్యి వదల్లేదు.

సంచి విప్పేముందు లెక్కలమ్మ దాన్ని వెలుతురు వైపు తిప్పి చూసింది. "ఆరువందల పది," అని చెప్పి రిజిస్టరులో రాసింది. నేను దగ్గరికి వెళ్లాను. నా ఎర్ర గీత రక్తంలో మునిగిపోయి ఉంది. దాని పైన నల్లగా కొట్టేసిన పాత చార. రక్తం దాని దాకా రాలేదు. అంతా ఆగిపోయాక కూడా ఇంకా అర వేలు కిందే ఉంది.

నేను మొదట చేసిన సంచే అయితే ఈ గదిలో ఆ వేళకి గంట మోగేది కాదు. కోడలు నవ్వుతూనే ఉండేది, నేను మామూలే అంటూనే ఉండేదాన్ని.

"ఆ పాత గీతే ఉండుంటే?" అన్నాను. 

"లేదు కదా," అంది లెక్కలమ్మ చేతులు కడుక్కుంటూ. "మీరే చెరిపారు."

"చెరిపించింది మీరు."

ఆవిడ తువ్వాలు కోసం చెయ్యి చాచింది. నేను ఆ తడి చేతులు రెండూ పట్టుకున్నాను. నాకు ఎవరి చేతులూ పట్టుకునే అలవాటు లేదు, కొలతకి తప్ప. ఏడ్చేశాను. అక్క గురించి చెప్పాను. గుడ్డలు లెక్కపెట్టలేదని చెప్పాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోకుండా, "పదకొండేళ్ల పిల్ల లెక్కపెట్టాల్సింది కాదమ్మా అది. పెద్దవాళ్లు లెక్కపెట్టాల్సింది," అంది. నలభై అయిదేళ్లలో ఆ మాట నాతో ఎవరూ అనలేదు. ఆవిడ నా సంచులకి వంక పెట్టినందుకు ఎంత రుణపడ్డానో, ఈ మాటకీ అంతే రుణపడ్డాను.

ఇంటికొచ్చాక కొలతల పుస్తకంలో కోడలి పేజీ తీశాను. భుజం, ఛాతీ, నడుము, చెయ్యి. వాటి కింద ఆరువందల పది అని రాసి, ఆ రోజు తేదీ వేశాను. పక్క పేజీ పాపకి కేటాయించాను. దాని గౌనుకి మాత్రం ఒక వేలు వదులిచ్చాను. అది ఎదుగుతుంది.

మొన్న లెక్కలమ్మ రెండో విడత సంచుల కోసం వచ్చింది. పైనుంచి రావాల్సినవి ఇంకా రాలేదు. కోడలు స్టూలు మీద కూర్చుని పాపకి పాలిస్తోంది. ఆవిడ నిలబడే ఉంది.

"ఇచ్చెయ్యండమ్మా, వెళ్లాలి. ఇద్దరికి నొప్పులు మొదలయ్యాయి."

"నీళ్లు పోసి చూడరా?"

"మీరు పోసి చూశారు కదా. ఇక నాకు నమ్మకమే."

నేను సంచుల కట్ట తీసి నా వెనక్కి దాచుకున్నాను. "చూశాను. నా కళ్లతో చూశాను. కళ్లు సగమే చూస్తాయన్నది ఎవరు? మీరు చూడనిదే ఒక్కటి కూడా నా గడప దాటదు."

"అత్తయ్యకి ఎదురు చెప్పకండి," అంది కోడలు. "కత్తెర ఇంకా చేతిలోనే ఉంది."

లెక్కలమ్మ నవ్వింది. అంతవరకూ ఆవిడ నవ్వు నేను చూడలేదు. నేను మగ్గు అందించాను. "అయిదు తీసుకెళ్లండి ఇప్పటికి. అయిదూ చూడ్డానికి పది నిమిషాలు చాలు. మిగతావాటికి సాయంత్రం రండి," అన్నాను. ఆవిడ మొదటి సంచి కొక్కేనికి తగిలించింది. నేను కుళాయి తిప్పాను. నీళ్లు మెల్లగా పైకి వచ్చి పసుపు దాటి, ఎర్ర గీత దగ్గర ఆగాయి. ఆవిడ "ఒకటి" అని లెక్కపెట్టింది. కోడలు పాపని భుజాన వేసుకుని వీపు తడుతూ, తానూ "ఒకటి" అంది.